హెడ్‌ఫోన్ల పట్టికలో పాటకు కూడా ఒక గడి కావాలి

సంపాదకుల వారికి,

నమస్కారం. పోయిన ఆదివారం మీ అనుబంధంలో రెండు వేల రూపాయల లోపు దొరికే మేలైన హెడ్‌ఫోన్ల పట్టిక ఒకటి వేశారు. ధర ఎంత, బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుంది, లోపల ధ్వని పుట్టించే డ్రైవర్ ఎన్ని మిల్లీమీటర్లు, చెమటకూ వానకూ తట్టుకుంటుందా లేదా, ఎన్ని రంగుల్లో దొరుకుతుంది అని అయిదు గడులు గీసి, పన్నెండు రకాలను ఓపికగా పోల్చి చూపించారు. అయితే ఆ వస్తువును చెవిలో పెట్టుకుని జనం వినేది పాట కదా, ఏ రకం పాటకు ఏది నప్పుతుందో చెప్పే గడి మాత్రం అందులో లేదు. చీరల కొట్టువాడు కూడా ‘పెళ్ళికా అమ్మా, ఇంట్లో కట్టుకోవడానికా’ అని అడిగిన తరువాతే కట్ట విప్పుతాడు. హెడ్‌ఫోన్ల విషయంలో ఆ పాటి ప్రశ్న దుకాణదారుడూ అడగడం లేదు, పత్రికలూ అడగడం లేదు, కొనేవాడు తనను తాను అడిగి చూసుకోవడం లేదు. ముప్ఫై ఏళ్ళు డిగ్రీ విద్యార్థులకు భౌతికశాస్త్రం చెప్పి, అందులోనూ ధ్వని పాఠాన్ని ఇష్టంగా చెప్పినవాణ్ణి గనుక, ఈ విషయంలో నాకు తెలిసినంత మీ పాఠకులకు విన్నవించాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. కొంచెం పొడుగైంది, మన్నించగలరు.

మా ఇంట్లో జరిగిన సంగతితో మొదలుపెడతాను. మా అక్కయ్యకు డెబ్భై నాలుగేళ్ళు. మోకాళ్ళ నొప్పులతో బయటికి వెళ్ళలేక, తెల్లవారుజామున నాలుగున్నరకే లేచి ఫోనులో పాత కర్ణాటక కచేరీలు వింటూ కూర్చుంటుంది. తక్కినవాళ్ళ నిద్ర చెడుతుందని తనకొక ఇయర్‌ఫోన్ కొనిపెట్టమంది. ఇంజనీరింగు చదువుతున్న మా మనవడు తాను వాడే రకమే, పదిహేడు వందల తొంభై తొమ్మిది రూపాయలది, తెప్పించి ఇచ్చాడు. రెండు రోజులు పెట్టుకుని మూడో రోజు దాన్ని డబ్బాలో పెట్టేసింది. ఏమయిందని అడిగితే, ‘వస్తువు బాగానే ఉందిరా, కానీ మృదంగం ఆయన నా చెవిలో కూర్చున్నాడు, పాడే ఆయన వీధి అరుగు మీద కూర్చున్నాడు’ అంది.

నేనూ పెట్టుకుని విన్నాను. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. మృదంగం ఎడమ ముఖమైన తొప్పి మీద పడిన ప్రతి దెబ్బా ఖాళీ డ్రమ్ము మీద పిడికిలితో గుద్దినట్టు ఉబ్బి వస్తోంది, గాత్రం దుప్పటి కప్పుకున్నట్టుంది, తంబురా అసలు ఉందో లేదో తెలియడం లేదు. అదే ఇయర్‌ఫోన్‌లో మా మనవడు తన ఫోనులోని కొత్త సినిమా పాట ఒకటి పెట్టి వినిపించాడు. ఆ పాటలో డప్పుల మోత, దాని అడుగున సింథసైజర్ గుబగుబ ఎంత నిండుగా ఉన్నాయంటే, నా వయసులో కూడా కాలు కదిలింది. తరువాత నా బల్ల సొరుగు వెతికితే, క్యాసెట్ల కాలం నాటి హెడ్‌ఫోన్ ఒకటి బయటపడింది. తల మీదుగా సన్నటి రేకు బద్ద, చెవుల మీద ఆనే రెండు స్పంజి బిళ్ళలు, అంతే. స్పంజి పొడిపొడిగా రాలుతుంటే కొత్త బిళ్ళలు తొడిగి అక్కయ్య ఫోనుకు తగిలించాను. తంబురా లేచి వచ్చింది. విద్వాంసుడు సంగతికీ సంగతికీ మధ్య ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది. మనవడు దానిలోనే తన పాట విని, ‘తాతయ్యా, ఇందులో పాట ఎండిపోయింది’ అని తీసి ఇచ్చేశాడు. వాడి మాటా నిజమే, అక్కయ్య మాటా నిజమే. ఈ రెండు వస్తువుల్లో ఏది మంచిది అని అడిగితే సమాధానం లేదు, ఎవరికి అని అడిగితేనే ఉంది.

ఎందుకిలా అవుతుందో కొంచెం వివరంగా చెప్పుకోవాలి. స్వరం ఎత్తును హెర్ట్జ్‌లలో, అంటే సెకనుకు ఎన్ని కంపనాలో లెక్కించి, చెబుతారు. మగ గాత్రం ‘ఒకటి’ శ్రుతిలో పాడితే మధ్య షడ్జమం, అంటే మధ్య స్థాయి ‘స’, సుమారు 131 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, ఆడ గాత్రం ఐదు శ్రుతిలో పాడితే సుమారు 196 దగ్గర ఉంటుంది. మంద్ర పంచమం, అంటే కింది స్థాయి ‘ప’, దాకా దిగిన మగ గొంతు కూడా 98 కంటే కిందికి పోదు. అంటే మన శాస్త్రీయ సంగీతంలో గాత్రానికి 90 హెర్ట్జ్ కింద పెద్దగా పనే లేదు. నేటి సినిమా పాటల్లో ఒంటిని ఊపే గుబగుబ ఉండేది సరిగ్గా ఆ కిందనే, 40 నుంచి 80 మధ్యన. ‘ఎక్స్‌ట్రా బాస్’ అని డబ్బా మీద రాసి అమ్మే రకాలు ఈ అడుగు భాగాన్ని పెంచడంతో ఊరుకోవు; చాలావాటిలో ఆ పెంపు 200, 300 హెర్ట్జ్ దాకా పొంగి, మృదంగం తొప్పినీ, మగ గొంతులోని మంద్రాన్నీ కూడా ఉబ్బిస్తుంది. దీనికి తోడు మన చెవికి ఒక స్వభావం ఉంది. గట్టిగా మోగే మంద్ర శబ్దం తనకంటే పైన ఉన్న మెత్తటి శబ్దాలను కప్పేస్తుంది. పై శబ్దాలు కింది వాటిని అంతగా కప్పలేవు. అందుకే బాస్ ఎక్కువైనప్పుడు తంబురా తగ్గినట్టు కాదు, మాయమైనట్టే ఉంటుంది.

తంబురా సంగతి వచ్చింది గనుక ఒక మాట చెప్పకుండా ఉండలేను. బాల్యంలో మన విశాఖపట్నంలో చదువుకున్న సి.వి. రామన్, నోబెల్ బహుమతికి చాలా ముందే, మన వాద్యాల మీద పరిశోధన చేశారు. మృదంగం, తబలా ముఖం మధ్యలో అద్దే నల్లటి పూత వల్ల, మామూలు డోలులో గజిబిజిగా ఉండే ఉపస్వరాలు, అంటే అసలు స్వరంతో పాటు పలికే పై స్వరాలు, ఒక క్రమంలోకి వచ్చి శ్రుతి పలుకుతాయని 1920లో ‘నేచర్’ పత్రికలో రాశారు. మరుసటి ఏడాది వీణ, తంబురాల్లో తీగలు ఆనే గుర్రం వంపుగా ఉండటం వల్ల, తంబురాలో దానికి తోడు తీగ కింద జీవ దారం పెట్టడం వల్ల, ఎన్నో పై ఉపస్వరాలు ఎలా పుట్టుకొస్తాయో వివరించారు. తంబురా ‘ఝుం’ అనడం అంటే ఆ ఉపస్వరాల గుంపే. తీగ అసలు స్వరం మంద్రంలో ఉన్నా దాని ప్రాణమంతా వేల హెర్ట్జ్‌లలో ఉంది. వీణ మీటులోని గోటి గీత, వయొలిన్ కమాను ఒరుపు, మృదంగం కుడి ముఖమైన వలంతల మీద చాపు దెబ్బ మెరుపు, ఇవన్నీ అక్కడే ఉంటాయి. కాబట్టి కర్ణాటక సంగీతం వినేవారు హెడ్‌ఫోన్‌లో చూడవలసింది అడుగున ఎంత బరువు ఉంది అని కాదు, నడుమ భాగం నిజాయితీగా ఉందా, పై భాగం తెరుచుకుని ఉందా అని. నాదస్వరం అభిమానులు మాత్రం ఒక జాగ్రత్త తీసుకోవాలి. ఆ వాద్యం బలమంతా 1000 నుంచి 4000 హెర్ట్జ్ మధ్యన గుమిగూడి ఉంటుంది, మన చెవికి చురుకు ఎక్కువైనదీ ఆ ప్రాంతమే. అక్కడ ఇంకా పెంచిన హెడ్‌ఫోన్‌తో షేక్ చినమౌలానా కచేరీ పెట్టుకుంటే పది నిమిషాలకే తల పట్టుకోవలసి వస్తుంది.

పదం కోసం పాట వినేవారు మన తెలుగువాళ్ళలో చాలామంది. సాహిత్యం స్పష్టంగా వినపడకపోతే వారికి పాట సగమే. హల్లుల్లో స వంటివాటి గుర్తింపు ఎక్కువగా 4000 హెర్ట్జ్‌కు పైనే ఉంటుంది. పాత ల్యాండ్‌ఫోన్లు 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే మోసేవి గనుకనే, ఇంగ్లీషు అక్షరం ఎస్ చెబితే అవతలివారికి ఎఫ్ అని వినపడి, ‘ఎస్ ఫర్ సీత’ అని మళ్ళీ చెప్పుకోవలసి వచ్చేది. పై భాగం మొద్దుబారిన హెడ్‌ఫోన్‌లో పాటలోని మాటలకు పట్టే గతి కూడా అదే. అలాగని ఆ భాగాన్ని అతిగా పెంచినదాన్ని కొంటే ప్రతి ‘స’ దగ్గరా సూదితో పొడిచినట్టుంటుంది. దుకాణంలో ఒక్క నిమిషం విన్నప్పుడు అటువంటిదే ‘ఎంత క్లియర్‌గా ఉందో’ అనిపిస్తుంది, ఇంటికి తెచ్చుకుని గంటసేపు విన్నాక అసలు రంగు తెలుస్తుంది.

ఘంటసాల నాటి పాటలు, పాత గ్రామఫోను రికార్డులు, ఆకాశవాణి భాండాగారం నుంచి వచ్చిన కచేరీలు వినేవారి పరిస్థితి మరీ వేరు. 78 తిరుగుళ్ళ ప్లేట్ల నుంచి, సినిమా రీలు అంచున ముద్రించిన ధ్వని నుంచి తీసిన పాటల్లో 8000 హెర్ట్జ్ పైన పాట అంటూ దాదాపు ఉండదు, ఉన్నదల్లా బరబర, చిటపట. కొత్త పాటల్లో తళతళలాడే హెడ్‌ఫోన్ ఆ బరబరను అద్దంలో చూపించినట్టు చూపిస్తుంది. ఇటువంటి పాటలకు పై భాగం కొంచెం మెత్తగా, నడుమ భాగం నిండుగా ఉన్న రకం హాయిగా ఉంటుంది. పైగా అవి మోనో రికార్డింగులు, అంటే రెండు చెవుల్లోకీ వచ్చేది ఒకటే ధ్వని. చెవిని బిగించి మూసే రకంలో అది తల మధ్యన ముద్దకట్టినట్టు ఉంటుంది. గాలి ఆడే రకంలో కాస్త బయటికి వచ్చి, గదిలో రేడియో మోగుతున్నట్టుంటుంది. మా అక్కయ్యకు నచ్చడంలో ఇదీ ఒక కారణమని నా ఊహ.

గాలి ఆడే రకం అంటే ఏమిటో మీ పట్టికలో ప్రస్తావనే లేదు, చౌక వస్తువుల్లో ఎంపిక చేసుకునేవారు ముందు తెలుసుకోవలసిన తేడా నిజానికి అదే. చెవి గొట్టంలోకి దూరే రబ్బరు మూతల రకం, చెవి మీద ఆనే రకం, చెవిని మొత్తం కప్పే రకం అని ఆకారాన్ని బట్టి మూడు తెగలు. కప్పే, ఆనే రకాల్లో మళ్ళీ వెనక డొప్ప మూసి ఉన్నవి కొన్ని, జల్లెడలా తెరిచి, గాలి ఆడేట్టు ఉన్నవి కొన్ని. మూసినవి బయటి రొదను ఆపుతాయి, బాస్‌ను నిలబెడతాయి. తెరిచినవి బాస్ కొంత వదిలేసి, వాద్యాలను ఒకదానికొకటి ఎడంగా, గాలి పీల్చుకునేట్టు వినిపిస్తాయి. పక్కన కూర్చున్నవారికీ మీ పాట వినిపిస్తుంది, వారి మాటలు మీకూ వినిపిస్తాయి. అమెరికాలోని కాస్ కంపెనీ 1984లో తెచ్చిన పోర్టా ప్రో ఈ తెరిచిన తెగలోదే. చూడటానికి నా సొరుగులో దొరికినదానికి అన్నగారిలా ఉండే ఆ నమూనా ఈనాటికీ దాదాపు అదే రూపంలో అమ్ముడుపోతోంది. నిశ్శబ్దంగా ఉండే ఇంట్లో తెల్లవారుజామున వీణ వినడానికి తెరిచిన రకం ఎంత మంచిదో, విజయనగరం నుంచి విశాఖకు రోజూ బస్సులో తిరిగేవారికి అది అంత పనికిరానిది. ఇంజను రొదలో పాట వినపడక శబ్దం పెంచుతూ పోతారు. వారికి చవకలో రబ్బరు మూతల రకమే నయం.

ఈ రబ్బరు మూతల గురించి అందరూ తేలిగ్గా తీసుకునే మాట ఒకటి ఉంది. డబ్బాలో చిన్న, మధ్య, పెద్ద అని మూడు జతలు వస్తాయి. నూటికి తొంభైమంది మధ్య జతతోనే వాడేసి, మిగిలినవి పారేస్తారని నేను చూసినంతలో చెప్పగలను. చెవి గొట్టం, మూత మధ్య సందు ఏ మాత్రం ఉన్నా మొదట జారిపోయేది బాస్. ‘ఇందులో బాస్ లేదు’ అని తిరిగి ఇచ్చేసిన ఒక జతను మా మనవడి స్నేహితుడి దగ్గర తీసుకుని, పెద్ద మూతలు వేసి, చెవిని పైకి లాగి పట్టుకుని, కొద్దిగా తిప్పుతూ లోపలికి పెట్టి చూపించాను. అదే పాట, అదే వస్తువు, డప్పు దిగింది. ఆ కుర్రవాడికి ఎడమ చెవికి మధ్య సైజు, కుడి చెవికి పెద్ద సైజు సరిపోయాయి. రెండు చెవులూ ఒక్కలా ఉండాలన్న నియమం ఏమీ లేదు.

ఇక డబ్బా మీది అంకెలు. 20 నుంచి 20,000 హెర్ట్జ్ అని ప్రతి డబ్బా మీదా ఉంటుంది, అది మనిషి చెవి హద్దు గురించి చెబుతుందే తప్ప ఆ వస్తువు ఏ స్వరాన్ని ఎంత పలికిస్తుందో చెప్పదు. డ్రైవర్ 10 మిల్లీమీటర్లా 13 మిల్లీమీటర్లా అన్నది వంటవాడి గరిటె పొడవు చూసి సాంబారు రుచి నిర్ణయించడం వంటిది. ఓమ్‌లు, అంటే ఆ వస్తువు కరెంటుకు ఇచ్చే అడ్డు, మాత్రం ఒకసారి చూడండి. ఫోనుకు తగిలించే వైరు రకానికి 16, 32 ఓమ్‌లు సరిపోతాయి. స్టూడియోల కోసం చేసిన 250, 300 ఓమ్‌ల రకాలు ఎక్కడైనా చవకగా దొరికాయని కొంటే, ఫోను వాటిని సరిగా మోగించలేక పాట నీరసంగా వస్తుంది.

ధర గురించి కొంత ఆగి మాట్లాడాలి. ఎందుకంటే మీ పట్టికలో ధర ఎక్కువైన కొద్దీ నక్షత్రాలు ఎక్కువ ఇచ్చుకుంటూ పోయారు. 2017లో జెరోన్ బ్రీబార్ట్ అనే ధ్వని పరిశోధకుడు 283 హెడ్‌ఫోన్లను కొలిచిన వివరాలను వాటి అమ్మకపు ధరతో పోల్చి, అమెరికా ధ్వనిశాస్త్ర సంఘం పత్రికలో ప్రచురించాడు. ఏ స్వరాన్ని ఎంత పలికిస్తుందన్న గుణానికీ ధరకూ సంబంధం కనిపించలేదన్నది ఆయన తేల్చిన సంగతి. గట్టి తయారీ, మెత్తటి దిండ్లు, బయటి రొదను ఎలక్ట్రానిక్ పద్ధతిలో చెరిపే ఏర్పాటు, పేరు, ప్రకటనల ఖర్చు, వీటన్నిటికీ మనం డబ్బు ఇస్తాం. పాట తీరుకు ఇచ్చేది అందులో ఎంతో చెప్పడం కష్టం. చైనా కంపెనీల వైరు ఇయర్‌ఫోన్లు, 2022లో వచ్చిన మూన్‌డ్రాప్ చూ వంటివి, ఇరవై డాలర్ల ధరకు దొరకడంతో ఈ మాట ఇంకా నిజమైంది. ఇలా అంటున్నానని వాటినే కొనమని సిఫారసు చేస్తున్నట్టు కాదు. ధర చూసి చెవిని తక్కువ చేయవద్దని మాత్రమే మనవి.

రెండు వేల లోపు కొనేవారు బ్లూటూత్ రకం కావాలా, వైరు రకం కావాలా అన్నది కూడా తేల్చుకోవాలి. ఒకే ధరకు ఈ రెండింటిలో బ్లూటూత్ రకంలో బ్యాటరీకి, రేడియో చిప్పుకు, ఛార్జింగు డబ్బాకు కొంత పోగా మిగిలినదే ధ్వనికి దక్కుతుంది. రెండు మూడేళ్ళకు బ్యాటరీ నీరసించాక ఆ జతను మరమ్మతు చేసేవారు దొరకరు. వైరు రకం ఆ తరువాత కూడా పని చేస్తుంది, పైన చెప్పిన నా సొరుగు హెడ్‌ఫోనే సాక్ష్యం. 2016లో ఐఫోన్ 7 మొదలుకొని ఫోన్లలో గుండ్రటి 3.5 మిల్లీమీటర్ల రంధ్రం తీసేస్తూ వచ్చారు గనుక కుదరదని చాలామంది అంటారు. ఛార్జింగు రంధ్రంలో పెట్టే చిన్న వైరు ముక్క కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది, ఆ బెంగ అక్కరలేదు. వంటింట్లో పని చేసుకుంటూ, పొద్దున్నే నడుస్తూ వినేవారికి మాత్రం వైరు నిజంగా అడ్డమే. వారు బ్లూటూత్ కొనుక్కోవడంలో తప్పు లేదు.

సంగీతం నేర్చుకునే పిల్లలకు మాత్రం వైరు రకమే కొనిపెట్టమని తల్లిదండ్రులను గట్టిగా కోరుతున్నాను. మా విజయనగరం సంగీత కళాశాల 1919 నాటిది. అక్కడ చదువుకుని ఇప్పుడు ఇంటి నుంచే డల్లాస్, న్యూజెర్సీ పిల్లలకు వీడియోలో పాఠం చెబుతున్న ఒక ఉపాధ్యాయురాలు నాకు బాగా తెలుసు. పిల్లలు బ్లూటూత్ ఇయర్‌బడ్స్ పెట్టుకుని కూర్చున్న రోజు గమకం తెలుసుకోలేకపోతున్నారని ఆవిడ బాధ. కారణం పిల్లల్లో లేదు. చౌక బ్లూటూత్ జతల్లో మైకు వాడటం మొదలుపెట్టగానే అది పాటల పద్ధతి నుంచి ఫోను మాటల పద్ధతికి మారిపోతుంది, ధ్వని పై భాగమంతా తెగిపోతుంది, గురువు గొంతు పాత టెలిఫోనులో వచ్చినట్టు వస్తుంది. దీని మీద ఆలస్యం ఒకటి. మామూలు బ్లూటూత్‌లో ధ్వని చెవికి చేరేసరికి సెకనులో అయిదో వంతు దాకా వెనకబడవచ్చు. అక్షరానికి ఒక సెకను చొప్పున తాళం వేస్తూ, అక్షరానికి నాలుగు స్వరాలు పాడుతుంటే ఒక్కొక్క స్వరానికి పావు సెకను వస్తుంది. అంటే తాళం యాప్ తెర మీద చూపే దెబ్బ కంటే చెవిలో వినిపించే దెబ్బ దాదాపు ఒక స్వరం ఆలస్యంగా వస్తోందన్నమాట. వినేవారికి ఇది పట్టదు, తాళం యాప్ తెర చూస్తూ వాయించే పిల్లవాడికి లయ చెడుతుంది.

కొనేముందు విని చూడాలన్నది అందరూ చెప్పేదే, కానీ విననిచ్చేవారెవరు? కిందటి ఏడాది హైదరాబాదులో ఒక పెద్ద దుకాణంలో డబ్బా తెరిచి వినిపించమంటే, ‘తెరిస్తే మీరే తీసుకోవాలి సార్’ అన్నారు. అదే రోజు కోఠీ గుజరాతీ గల్లీలో నాలుగడుగుల వెడల్పు ఉన్న కొట్టులో కుర్రవాడు స్టూలు వేసి కూర్చోబెట్టి, మూడు జతలు వరసగా చేతికిచ్చి, మూతలు స్పిరిటు దూదితో తుడిచి మరీ ఇచ్చాడు. నేను కొన్నది నాలుగో జత, అదీ తొమ్మిది వందలకు. నమూనా జతలు అయిదారు బల్ల మీద పెట్టడం పెద్ద దుకాణాలకు ఏమంత ఖర్చు అవుతుందో నాకు అర్థం కాదు.

వినే అవకాశం దొరికినప్పుడు దుకాణంవారు పెట్టే పాట వినకండి, దాన్ని వారు ఎంచుకున్నదే అమ్మకానికి. మీకు నోటికి వచ్చిన పాటలు మూడు మీ ఫోనులోనే, ఇంటర్నెట్టు లేకపోయినా మోగేట్టు, దించుకుని వెళ్ళండి. మీరు రోజూ వినేది ఒకటి, ఒక్క గొంతు లేదా ఒక్క వాద్యం మాత్రమే ఉన్నది ఒకటి, మీకు తెలిసినవాటిలో అన్నిటికంటే రద్దీగా, వాద్యాలు కిక్కిరిసి ఉన్నది ఒకటి. ఒంటి గొంతు పాటలో ఆ మనిషిని గుర్తుపట్టగలుగుతున్నారా, ‘స’ గుచ్చుకుంటోందా అన్నది చూడండి. రద్దీ పాటలో మాట మునిగిపోకుండా తేలుతోందా చూడండి. ఇక్కడ ఒక మోసం జరుగుతుంది, అమ్మేవాడు చేసేది కాదు, మన చెవి చేసేది. రెండింటిలో కొంచెం గట్టిగా మోగేదే మేలైనదిగా తోస్తుంది. అందుకని జత మార్చినప్పుడల్లా శబ్దం తగ్గించో పెంచో రెండూ ఒక్క స్థాయికి తెచ్చుకుని పోల్చాలి.

ఇప్పటికే కొనేసి, నచ్చక బాధపడుతున్నవారు దాన్ని పారేయకండి. చాలా ఫోన్లలో మంద్రం నుంచి పై స్వరాల దాకా ఒక్కొక్క భాగాన్ని విడిగా పెంచే, తగ్గించే ఈక్వలైజర్ అనే ఏర్పాటు ఉంటుంది. పాట మసకగా ఉంటే అందరూ కుడివైపు మీటలు పైకి తోస్తారు, దానివల్ల పాట గీరుకుంటుంది. దానికి బదులు ఎడమవైపు 125, 250 హెర్ట్జ్ దగ్గర ఉన్న మీటలను కొంచెం కొంచెంగా కిందికి దించి చూడండి. మా అక్కయ్య వద్దన్న జతకు నేను చేసింది అదే. కచేరీ వినదగినంత తేలికపడింది. అయినా ఆవిడ స్పంజి బిళ్ళలనే పెట్టుకుంటోంది, అది వేరే సంగతి.

వయసుతో పాటు చెవి పై స్వరాలను ముందు పోగొట్టుకుంటుంది. నా వయసువారికి హెడ్‌ఫోన్లన్నీ మొద్దుగానే ఉన్నట్టు తోస్తే, మాట తెలియక శబ్దం పెంచుతున్నారని ఇంట్లోవారు అంటుంటే, ఇంకో జత కొనేముందు ఒకసారి వినికిడి పరీక్ష చేయించుకోవడం నయం. ఎంత శబ్దం, ఎంతసేపు అన్నదానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ, శబ్దం గట్టిదనాన్ని కొలిచే డెసిబెల్స్‌లో, లెక్క చెప్పింది. పెద్దలకు 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు, పిల్లలకు 75 అయితే 40 గంటలు. ప్రతి మూడు డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతూ పోతుంది, అంటే పెద్దలకు 83 దగ్గర 20 గంటలే, 86 దగ్గర 10 గంటలే. నప్పని హెడ్‌ఫోన్‌తో వచ్చే అసలు నష్టం ఇక్కడ ఉంది. వినపడని తంబురా కోసమో, మునిగిపోయిన మాట కోసమో మనం పెంచేది మొత్తం శబ్దాన్ని. కింద ఉన్న మోత కూడా దానితో పాటే పెరిగి చెవిలో పడుతుంది.

కాబట్టి సంపాదకుల వారిని కోరేది ఒక్కటే. మళ్ళీ ఇటువంటి పట్టిక వేసినప్పుడు రంగుల గడి తీసేసి, ఆ చోటులో ఒక్కొక్క జతతో ఒక గాత్ర కచేరీ, ఒక పాత సినిమా పాట, ఒక కొత్త డప్పు పాట వినిపించి, విన్నవారు ఏమన్నారో రెండేసి వాక్యాలు రాయించండి. వినేవారిలో ఇరవై ఏళ్ళవారు ఒకరు, డెబ్భై దాటినవారు ఒకరు ఉండేట్టు చూడండి. రెండోవారు దొరకకపోతే మా అక్కయ్య సిద్ధంగా ఉంది, తెల్లవారుజామున నాలుగున్నరకు అయితే.

ఇట్లు,
ఒక విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు,
విజయనగరం.